ఎండల లెక్కలు మనకెందుకు?

(మా ఊరి తెలుగు రేడియోలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. మాట్లాడిన తీరు చెడకుండా, చదువుకోడానికి వీలుగా అక్కడక్కడా సరిదిద్దాను.)



కిందటి వారం ఒక మిత్రుడు ఫోను చేసి, "వాతావరణ పరిశోధన పేరు చెప్పి ఇన్నేసి డబ్బులు ఖర్చు పెడుతున్నారు గదా, ధ్రువాల దగ్గర మంచు ఎంత కరిగిందో తెలిస్తే నాకూ మీకూ ఒరిగేదేమిటండీ?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కుంటూ ధ్రువాల దాకా పోనక్కరలేదు. మనందరికీ చిన్నప్పట్నించీ తెలిసిన ఎండ గురించి మాట్లాడుకుంటే చాలు. నేను వాతావరణ శాస్త్రజ్ఞుణ్ణి కాను. ఆస్పత్రుల గణాంకాలతో ముప్ఫై ఏళ్ళుగా పొట్టపోసుకుంటున్నవాణ్ణి. ఈ విషయం మీద నాకు ఆసక్తి ఎలా కలిగిందో ముందు చెబుతాను.

1995 జులై. నేను షికాగో వచ్చి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. ముగ్గురం తెలుగు కుర్రాళ్ళం పాత ఇటుకల మేడ ఒకదానిలో కింది వాటాలో ఉండేవాళ్ళం. ఆ నెల 13వ తారీకున మిడ్‌వే విమానాశ్రయం దగ్గర 106 డిగ్రీల ఫారెన్‌హైట్ నమోదయింది. మన లెక్కలో 41 డిగ్రీలు. టీవీలో హడావిడి చూసి మేం నవ్వుకున్నాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఒంగోలు ఎండల్లో పెరిగినవాణ్ణి, నాకు 41 ఒక ఎండా?

మాకు పైన, మూడో అంతస్తులో, ఒక ముసలాయన ఒక్కడే ఉండేవాడు. మెట్ల దగ్గర ఎదురైతే ఆయన తలూపేవాడు, మేమూ తలూపేవాళ్ళం. అంతే పరిచయం. నాలుగు రోజులుగా ఆయన కనబడలేదన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. సోమవారం నాడు అంబులెన్సు వచ్చింది. ఆయన పోయి రెండు రోజులైందన్నారు. కిటికీలన్నీ బిగించి ఉన్నాయట.

ఇరవై ముప్ఫై మెట్లు ఎక్కి ఒకసారి తలుపు తట్టి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ వారంలో షికాగోలో మామూలుకన్నా 739 మంది ఎక్కువగా చనిపోయారు. "మామూలుకన్నా ఎక్కువ" అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. వడదెబ్బతో పోయినవాళ్ళ మరణపత్రంలో చాలాసార్లు "గుండెపోటు" అనో, "మూత్రపిండాల వ్యాధి" అనో ఉంటుంది గాని ఎండ అని ఉండదు. అంచేత గణాంకాల వాళ్ళు ఇంకో దారిన వెళతారు. వెనకటి సంవత్సరాల్లో సరిగ్గా ఇదే వారంలో ఎంతమంది చనిపోయేవారో చూసి, ఈ ఏడు ఎంతమంది పోయారో చూసి, తేడా తీస్తారు. ఆ తేడాయే ఎండ తీసుకుపోయిన ప్రాణాల లెక్క. అప్పట్లో శవపరీక్షలు చేసే అధికారి ఎడ్మండ్ డోనహ్యూ మరణాల సంఖ్య ప్రకటిస్తే, మేయర్ రిచర్డ్ డేలీ ఆ సంఖ్యను బాహాటంగానే శంకించారు. తర్వాత లెక్కలు వేసి చూస్తే డోనహ్యూ చెప్పినది ఎక్కువ కాదనే తేలింది.

మరి ఒంగోలులో మనం నవ్వుతూ తిరిగే 41 డిగ్రీలు షికాగోలో ఇంతమందిని ఎందుకు పొట్టన పెట్టుకుంది?

మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. కుండ చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆవిరైపోతూ తనతోపాటు కుండలోని వేడిని పట్టుకుపోతుంది. మన ఒళ్ళూ అలాంటి కుండే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. పొడిగాలిలో చెమట ఇట్టే ఆరుతుంది. గాలి నిండా తేమ ఉన్న ఉక్కపోత రోజున కుండ చెమరుస్తూనే ఉంటుంది గాని నీళ్ళు చల్లబడవు. ఆ వారం షికాగోలో గాలి అలాగే ఉంది. పైగా రాత్రుళ్ళు కూడా వేడి దిగలేదు. పగలంతా వేడెక్కిన గుండెకు రాత్రి కాస్త విరామం దొరక్కపోతే రెండోరోజుకో మూడోరోజుకో అలిసిపోతుంది. అంటే పగటి ఉష్ణోగ్రత ఒక్కటీ చూసుకుని "ఇదొక ఎండా" అనుకున్న మా ముగ్గురిదీ తెలివితక్కువ లెక్క అన్నమాట.

ఇక అసలు పరిశోధన దగ్గరికి వస్తాను. ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ, అంటే సి.డి.సి. వాళ్ళు, వెంటనే షికాగో వచ్చారు. చనిపోయినవారిలో 339 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికీ జతగా, అదే చుట్టుపక్కల ఉంటూ, ఇంచుమించు అదే వయసులో ఉండి, బతికి బయటపడ్డవాళ్ళను మరో 339 మందిని వెతికారు. వీరిద్దరికీ తేడా ఎక్కడుంది అని చూశారు. 1996లో అది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. మంచం పట్టినవారు, ఒంటరిగా ఉండేవారు, రోజూ ఇల్లు కదలనివారు, మేడల్లో అన్నిటికన్నా పై అంతస్తులో ఉండేవారు, వీళ్ళకే ప్రమాదం ఎక్కువని తేలింది. ఇంట్లో పనిచేసే ఏసీ ఉన్నవారు, బయటికి వెళ్ళడానికి బండి సదుపాయం ఉన్నవారు, నలుగురితో రాకపోకలున్నవారు ఎక్కువగా బతికారు.

ఆ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఒంటరి, ఇల్లు కదలడు, పై అంతస్తు. మా మేడ మీది ఆయన్ని చూసి రాసినట్టుంది.

ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు ఇంకో అడుగు ముందుకేశాడు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అని షికాగోలో పక్కపక్కనే ఉన్న రెండు పేటలు. రెండింట్లోనూ బీద వృద్ధులు, ఒంటరివాళ్ళు ఇంచుమించు ఒకే మోస్తరులో ఉన్నారు. రెండింటి మీదా కాసింది ఒకటే ఎండ. అయినా మొదటి పేటలో లక్షకి 40 మంది చనిపోతే, రెండోదానిలో లక్షకి నలుగురు కూడా పోలేదు. కారణం ఏమిటంటే, రెండో పేటలో వీధి నిండా కొట్లు, జనం. ముసలివాళ్ళు కూడా కాస్త దూరం నడిచి చల్లటి కొట్టులో కాసేపు నిలబడి వచ్చేవారు. మొదటి పేటలో కొట్లు మూతపడి, ఇళ్ళు కూలి, ఖాళీ స్థలాలు మిగిలాయి. భయపడి తలుపులేసుకునేవారు. 2002లో ఆయన పుస్తకం వచ్చింది. ఎండ ఆకాశం నుంచి వచ్చినా, చావు వీధిని బట్టి, ఇరుగుపొరుగును బట్టి వచ్చిందని దాని సారాంశం.

ఇవన్నీ పుస్తకాల్లో ఉండిపోతే నా మిత్రుడి ప్రశ్న అలాగే మిగిలిపోయేది. 1999లో షికాగోకి మళ్ళీ గట్టి ఎండలు వచ్చాయి. ఈసారి నగరం ముందే హెచ్చరించింది. చల్లటి కేంద్రాలు తెరిచి అక్కడికి ఉచితంగా బస్సులు నడిపింది. ఒంటరి వృద్ధుల ఇళ్ళకి పోలీసులను, నగర ఉద్యోగులను పంపి తలుపులు తట్టించింది. అయినా 110 మంది పోయారు. తక్కువేం కాదు. కాని 739 ఎక్కడ, 110 ఎక్కడ?

ఫిలడెల్ఫియా కథ ఇంకా ముచ్చటైనది. 1993 ఎండల్లో ఆ ఊళ్ళో 118 మంది పోయారు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఉన్న లారెన్స్ కాల్క్‌స్టైన్ అనే వాతావరణ పరిశోధకుడు వెనకటి సంవత్సరాల మరణాల లెక్కలనూ ఆయా రోజుల వాతావరణాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, ఫలానా రకం గాలి ఊరి మీదికి వచ్చి కూర్చున్నప్పుడే మరణాలు పెరుగుతున్నాయి, వేసవి మొదట్లో వచ్చే వేడి చివర్లో వచ్చేదానికన్నా ప్రమాదం అని తేల్చాడు. దాని ఆధారంగా 1995లో హెచ్చరికల పద్ధతి మొదలుపెట్టారు. హెచ్చరిక రాగానే నగరం, ఒక్కో వీధికీ పెద్దగా ఉండే స్వచ్ఛంద కార్యకర్తలకు కబురు చేస్తుంది. వాళ్ళు తమ వీధిలోని ముసలివాళ్ళని చూసి వస్తారు. ఫోను చేస్తే సలహా చెప్పడానికి మనుషులుంటారు. ఆ రోజుల్లో బిల్లు కట్టలేదని కరెంటు, నీళ్ళు ఆపరు. 1995 నుంచి 1998 దాకా జరిగినదాన్ని లెక్కగట్టి, ఈ ఏర్పాటు 117 ప్రాణాలు నిలబెట్టిందని 2004లో ఒక పరిశోధన అంచనా వేసింది. ఖర్చు? సుమారు రెండు లక్షల పదివేల డాలర్లు. మన మధ్య ఇల్లు కొన్నవారికి ఆ మొత్తం ఎంత చిన్నదో వేరే చెప్పక్కరలేదు.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. కాల్క్‌స్టైన్ దగ్గర లెక్క ఉంది గాని, ఏ వీధిలో ఏ ముసలమ్మ ఒంటరిగా ఉందో ఆయనకి తెలియదు. వీధిపెద్దకి ముసలమ్మ తెలుసు గాని, రేపటి గాలి ప్రాణం తీసే గాలి అని తెలియదు. ఇద్దరూ కలిస్తేనే ఆ లెక్కకి విలువ.

"ఇవన్నీ అమెరికా ఊళ్ళు, మన దేశంలో సాగుతాయా?" అంటారేమో. అహ్మదాబాద్ సంగతి చెబుతాను. 2010 మే 21న అక్కడ 46.8 డిగ్రీలు. ఆ నెలలో మామూలుకన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత పరిశోధకులు తేల్చారు. నగరపాలక సంస్థ, గాంధీనగర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అమెరికా నుంచి ఎన్.ఆర్.డి.సి., ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి 2013లో ఒక ప్రణాళిక తయారుచేశారు. దక్షిణ ఆసియాలో అలాంటిది అదే మొదటిది. ఎండను రంగుల్లోకి మార్చారు. 41 దాటితే పసుపు, 43 దాటితే నారింజ, 45 అయితే ఎరుపు. ఏ రంగు వస్తే ఎవరు ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకున్నారు. ఆస్పత్రుల్లో వైద్యులకు వడదెబ్బ గుర్తుపట్టడంలో శిక్షణ ఇచ్చారు. బస్తీల్లో మంచినీళ్ళు పెట్టారు. 2014, 2015లలో ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పి ఉంటాయని 2018లో అచ్చయిన పరిశోధన అంచనా.

అదే ఊళ్ళో ఒక ఆస్పత్రి సంగతి నాకు మరీ నచ్చింది. ఎండాకాలంలో అప్పుడే పుట్టిన పసికందులు ఒళ్ళు కాలిపోతూ ఇంటెన్సివ్ కేర్ విభాగానికి వస్తున్నారు. పరిశోధకులు చూస్తే, బాలింతల వార్డు పై అంతస్తులో ఉంది, పైకప్పు కాగి కూర్చుంటోంది. వార్డును కిందికి దించారు. అలా వచ్చే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. షికాగోలో ముసలివారి విషయంలో తేలిన "పై అంతస్తు", అహ్మదాబాద్‌లో పసిపిల్లల విషయంలోనూ తేలింది.

మన కార్యక్రమాన్ని ఇంటర్నెట్‌లో గల్ఫ్ దేశాల నుంచి వినే సోదరులున్నారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వెళ్ళి ఎండలో పనిచేసే మనవాళ్ళు ఎందరో అక్కడ ఉన్నారు. ఖతార్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, అక్కడి ప్రభుత్వం కలిసి, గ్రీసు దేశపు పరిశోధకుల చేత 2019లో ఒక అధ్యయనం చేయించాయి. పని చేస్తుండగానే కార్మికుల ఒంటి వేడిని కొలిచారు. ఆ లెక్కల తర్వాత 2021లో నియమాలు మారాయి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. తేమ, ఎండ, గాలి అన్నీ కలిపి చూసే కొలత ఒకటుంది, వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అంటారు. అది 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా సరే పని ఆపాలి. కాగితం మీది నియమం ప్రతి సైటులోనూ నడుస్తుందని నేను అనను. కాని మేస్త్రీ ముందు నిలబడి "ఇది చట్టం" అని చెప్పుకోడానికి కార్మికుడికి ఒక అంకె దొరికింది.

ఇప్పుడు మా ఒంగోలు. 2003 ఎండల్లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా పోయారు. 2015 మే నెలలో దేశంలో రెండువేల మందికి పైగా పోతే, వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. కూలీలు, వృద్ధులు. అప్పుడు మా అమ్మ ఒంగోలులో మేడ మీద వాటాలో ఒక్కతే ఉంది. కింది వాటాలో ఒక మాస్టారి కుటుంబం అద్దెకుండేది. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ ఉదయం ఎనిమిదికి, ఫోను చేశాను.

"ఎండలెలా ఉన్నాయే అమ్మా?"

"ఎండాకాలం ఎండ కాయక వెన్నెల కాస్తుందిట్రా? పిల్లలు బాగున్నారా?"

"రాత్రి నిద్ర పట్టిందా?"

కాసేపు మాట్లాడలేదు. "ఎక్కడ నాన్నా, శ్లాబు తెల్లారేదాకా కాగుతూనే ఉంటుంది. కరెంటు కూడా పోయింది."

ఇరవై ఏళ్ళుగా ఇలాంటి వ్యాసాలు చదువుతున్నాను. నలుగురికీ చెబుతున్నాను. ఒంటరి, ఇల్లు కదలదు, పై అంతస్తు. మా అమ్మే ఆ పట్టికలో ఉందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. అప్పటికప్పుడు మాస్టారికి ఫోను చేశాను. ఆయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పకుండా, "అమ్మగారిని మా ముందుగదిలో పడుకోబెడతాం లెండి, మీరు ధైర్యంగా ఉండండి" అన్నారు. అమ్మ ముందు బెట్టు చేసింది. "ఒకళ్ళింట్లో పడుకోవడమేమిట్రా, నామోషీ" అంది. తర్వాత ఒప్పుకుంది. అప్పట్నించీ ప్రతి మే నెలా అమ్మ కిందే పడుకుంటుంది. మేడ మీద తెల్లటి సున్నం పూత వేయించాం. ఇప్పుడావిడకి ఎనభై దాటాయి. సున్నం కొట్టిన పైకప్పు వేడిని తిప్పికొడుతుందని మన తాతలకీ తెలుసు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది.

2015 నాటి ఎండల మీద తర్వాత ఒక పరిశోధన జరిగింది. అందులో హైదరాబాద్‌నీ కరాచీనీ చూశారు. వేడీ తేమా కలిసిన అలాంటి రోజులు రావడానికి, మనుషుల వల్ల పెరిగిన భూతాపం అవకాశాన్ని బాగా పెంచిందని తేలింది. అంటే "ఈ ఏడు ఏదో ఎక్కువగా కాసింది, వచ్చే ఏటికి సర్దుకుంటుంది" అనుకోడానికి లేదు. ఏర్పాటు చేసుకోవలసిందే.

మరి దేశం కాని దేశంలో కూర్చుని మనం చెయ్యగలిగేదేమిటి? నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, అమ్మానాన్నలకు ఫోను చేసినప్పుడు "ఎండ ఎలా ఉంది" అని అడక్కండి. "బాగానే ఉంది" అంటారు. రాత్రి నిద్ర పట్టిందా, ఏ గదిలో పడుకుంటున్నారు, కరెంటు ఉంటోందా అని అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తోంది. మీ ఊరి మండలం పేరు తెలుసుకుని చూడండి. ఆ పట్టిక చూసి మీరు ఇక్కణ్ణించి ఫోను చెయ్యడం కూడా ఆ పరిశోధనలో భాగమే.

రెండోది, పిలిస్తే అయిదు నిమిషాల్లో తలుపు తట్టగల మనిషి ఒకరు ఉండాలి. పక్కింటివారి ఫోను నంబరు మీ దగ్గర ఉందా? లేకపోతే ఈ వేళే తీసుకోండి.

మూడోది, రక్తపోటుకీ గుండెకీ వాడే కొన్ని మందులు, ముఖ్యంగా నీరు తీసే మాత్రలు, ఎండల్లో ఇబ్బంది పెడతాయి. సొంతంగా మానిపించకండి, డాక్టరుగారిని అడగమనండి. గాలి 40 డిగ్రీలు దాటిందంటే ఫ్యాను చల్లబరచదు, వేడిగాలినే ఒంటికి కొడుతుంది. తడిగుడ్డ, నీళ్ళ స్నానం మేలు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది నీరసం కాదు, వడదెబ్బ. నీడకి చేర్చి ఒంటి మీద నీళ్ళు చల్లుతూ, గాలి విసురుతూ 108కి ఫోను చెయ్యాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

నాలుగోది ఇక్కడి సంగతి. 2024 నుంచి దేశమంతటికీ జాతీయ వాతావరణ సంస్థ, సి.డి.సి. కలిసి రంగులతో ఎండ ప్రమాదాన్ని చూపించే పటం ఇస్తున్నాయి. అందులో మీ ఊరి మీద ఎరుపు కనబడిన రోజున, మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవారి తలుపు ఒకసారి తట్టండి. ఏ భాషవారైనా సరే. వారు విసుక్కుంటే విసుక్కున్నారు.

నా మిత్రుడికి నా జవాబు ఇదే. పరిశోధన చేసేది, ఎవరి తలుపు తట్టాలో, ఎప్పుడు తట్టాలో చెప్పడం. తట్టవలసింది మనమే. 1995లో నాకు ఎవరూ చెప్పలేదు, నాకై నాకు తోచలేదు. ఇప్పుడు మీకు నేను చెప్పాను.